పన్ను ఒక చోట, నొప్పి మరో చోట

పత్తి ఏరే రోజుల్లో మా బోథ్ ప్రాంతంలో ఉదయం పూట రోగుల వరస పలచగా ఉంటుంది. కూలికి పోయేవాళ్ళంతా చేలల్లో ఉంటారు. మా ఆదిలాబాదు జిల్లా చలి సంగతి మీరు ఏటా పేపర్లో చదువుతూనే ఉంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో తెలంగాణ మొత్తం మీద అతి తక్కువ ఉష్ణోగ్రత తరచుగా మా వైపే నమోదవుతుంది. అలాంటి ఒక ఉదయం యాభై అయిదేళ్ళ ఒకావిడ వచ్చి ఎదురుగా బల్ల మీద కూర్చుంది. కొంగుతో కుడి చెంప కప్పుకుని ఉంది. అయితే ఆ కొంగు చెంపకు తగలకుండా చేత్తో కాస్త ఎడంగా పట్టుకుంది. ఏమిటమ్మా అని అడిగితే పెదవులు కదపకుండా, పళ్ళ సందున మాట్లాడింది.

"గీ పన్ను గూడ తీసెయ్యుండ్రి సారూ. ఇగ నాతోని అయితలేదు."

నోరు తెరిపించి చూశాను. కుడి వైపు కింది దవడలో వరసగా మూడు పళ్ళు లేవు. ఆవిడ చూపించిన నాలుగో పన్ను ముత్యంలా ఉంది. పుచ్చు లేదు, కదలడం లేదు, చిగురు వాపు లేదు. అద్దం కాడతో తట్టి చూస్తే నొప్పి లేదంది. అంతలో నా వేలు ఆవిడ కింది పెదవి మూలకు తగిలింది. అంతే! ముఖమంతా ముడుచుకుపోయింది. రెండు చేతులూ చెంప దగ్గరికి పోయాయి గాని చెంపను తాకలేదు, గాలిలోనే ఆగిపోయాయి. కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు. అర నిమిషం గడిచిందో లేదో, అంతా సర్దుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మామూలుగా కూర్చుంది.

ఆవిడ సంచీలోంచి పాత చీటీలు తీసి ఇచ్చింది. రెండేళ్ళ కిందట మొదటి పన్ను తీయించుకోమని రాసిన చీటీ కూడా అందులో ఉంది. ఆ చేతిరాత నాదే.

ఆ మూడు పళ్ళలో దేనికీ జబ్బు లేదని ఇప్పుడు నాకు తెలుసు. జబ్బు నరానిది. పన్ను నొప్పి అని వచ్చిన ప్రతిదీ పన్నులో పుట్టిందే కానక్కరలేదనీ, పన్నులో పుట్టిన నొప్పి పన్నులోనే తెలియాలన్న నియమం కూడా లేదనీ చెప్పడానికి ఈ వారం ఈ వ్యాసం. కొంచెం నరాల సంగతి చెప్పక తప్పదు. ఓపికగా చదవండి.

మెదడు నుంచి బయలుదేరి, వెన్నుపాముతో పని లేకుండా, పుర్రెలోని రంధ్రాల గుండా నేరుగా బయటికి వచ్చే నరాలు పన్నెండు జతలు. వీటిని కపాల నాడులంటారు. నాడి అనగానే మణికట్టు దగ్గర పట్టుకుని చూసేది అనుకోకండి, అది రక్తనాళం. ఇక్కడ నాడి అంటే నరమే. మొదటి జత వాసనకు, రెండవది చూపుకు. మూడు, నాలుగు, ఆరు కంటి గుడ్లను తిప్పేవి. ఏడవది ముఖంలో కండరాలను కదిలించేది. ఇది దెబ్బతింటేనే మూతి వంకర పోతుంది. ఎనిమిదవది వినికిడికి, ఒంటి నిలకడకు. పదవది వేగస్, గొంతు నుంచి గుండె మీదుగా పొట్ట దాకా దిగుతుంది. ఈ పన్నెండింటి వరసా గుర్తు పెట్టుకోవడానికి వైద్య విద్యార్థులు తరతరాలుగా వాక్యాలు కట్టుకుంటూ వస్తున్నారు. వాటిలో చాలా మట్టుకు ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో రాయదగినవి కావు.

ఇవాళ మనకు కావలసింది అయిదవ జత. పన్నెండింటిలోకీ లావైనది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని త్రిధార నాడి అన్నారు, డాక్టర్లు ట్రైజెమినల్ అంటారు. పేరుకు తగ్గట్టు దీనికి మూడు కొమ్మలు. మొదటిది నుదురు, కన్ను, ముక్కు కొస వరకు. రెండవది చెంప, పై పెదవి, పై పళ్ళన్నీ. మూడవది కింది పెదవి, గడ్డం, కింది పళ్ళన్నీ, నాలుక ముందు భాగం, కణత, చెవి ముందు భాగం. నమిలే కండరాలు కూడా ఈ మూడో కొమ్మ చేతిలోనివే. ముఖం కుడి సగానికి కుడి నరం, ఎడమ సగానికి ఎడమ నరం. నడుమ గీత గీసి పంచుకున్న అన్నదమ్ముల పొలంలా ఉంటుంది.

పై పళ్ళకూ కింది పళ్ళకూ నరం వెళ్ళే దారిలో తేడా ఉంది. పై దవడలో సన్నని పోగులు వేరువేరుగా ఎముకలోకి దిగి, వలలా అల్లుకుని, ఒక్కో పంటి వేరుకు ఒక్కో పోగు ఇస్తాయి. కింది దవడలో అలా కాదు. జ్ఞానదంతం వెనక, దవడ లోపలి వైపు ఒక రంధ్రం ఉంది. నరం అక్కడ ఎముకలోకి దూరి, గోడలో పైపు వేసి లాగిన కరెంటు తీగలా పళ్ళ వేళ్ళ కిందుగా ముందుకు నడుస్తుంది. కోర పన్ను దాటాక ఉన్న రెండు చిన్న దవడ పళ్ళ దగ్గర దానిలో ఒక పాయ బయటికి వచ్చి పెదవికీ గడ్డానికీ పోతుంది.

కింది దవడ పన్ను తీసేటప్పుడు డాక్టరు ఆ పన్ను దగ్గర కాకుండా ఎక్కడో వెనక సూది వేశాడేమిటని మీలో కొందరు అనుకునే ఉంటారు. తీగ పైపులో దూరే చోటనే మందు పోస్తాడన్న మాట. అందుకే పెదవి సగం మొద్దుబారి, అరటి పండంత లావైనట్టు అనిపిస్తుంది. కొన్ని గంటల్లో అదే పోతుంది. అంతవరకూ ఏమీ నమలకండి, వేడి టీ తాగకండి. పిల్లలైతే తెలియక పెదవి కొరుక్కుని పుండు చేసుకుంటారు, దగ్గర కూర్చుని చూడాలి.

ఇక మెదడు మోసపోయే సంగతికి వద్దాం. చెంప, పళ్ళు, చెవి, కణత అన్నిటి నుంచీ బయలుదేరిన పోగులు మెదడు కాండంలో ఒకే కేంద్రానికి చేరతాయి. అక్కడి నుంచి పైకి వెళ్ళే తీగలు వచ్చే పోగులకన్నా తక్కువ. అంటే ఒక్కో తీగను నలుగురైదుగురు పంచుకోవాలి. తపాలా ఆఫీసుకు పది ఊళ్ళ ఉత్తరాలు వస్తాయనుకోండి. ఒక ఉత్తరం మీద ఊరి పేరు తడిసి చెరిగిపోయింది. పోస్టుమాను ఏం చేస్తాడు? రోజూ ఎక్కువ ఉత్తరాలు వచ్చే ఊరిదే అయి ఉంటుందని అటు పంపిస్తాడు. మెదడు చేసేదీ అదే. కింది పన్నులో పుట్టిన నొప్పిని చెవికి రాస్తుంది. పై పన్ను నొప్పిని కింది పన్నుకో, కణతకో రాస్తుంది.

దీనిలో మీకు పనికొచ్చే గుర్తు ఒకటి ఉంది. మెదడు పైకీ కిందికీ పొరబడుతుంది గాని కుడి ఎడమలు పొరబడడం చాలా అరుదు. ఎడమ పన్ను చెడితే నొప్పి ఎడమ వైపే ఎక్కడో ఒక చోట ఉంటుంది. నడుమ ఉన్న ముందు పళ్ళ దగ్గర తప్ప గీత దాటదు. కనుక దవడ రెండు వైపులా ఒకేసారి లాగుతోందంటే అనుమానించాలి. ఎందుకో తరువాత చెబుతాను.

చెవి పోటు అని వచ్చిన పెద్దవాళ్ళలో చెవి పరీక్షకు ఏ లోపమూ కనిపించకపోతే నేను వెంటనే నోరు తెరవమంటాను. సగం మందిలో కింది దవడ చివరి పన్ను పుచ్చి ఉంటుంది, లేదా జ్ఞానదంతం అడ్డంగా మొలిచి ఉంటుంది. తంబాకు, గుట్కా నమిలేవాళ్ళ విషయంలో మరీ జాగ్రత్తగా చూడాలి. నాలుక మొదట్లో, గొంతులో పుట్టిన పుండు తొమ్మిదవ కపాల నాడి ద్వారా చెవిలో నొప్పిగా తెలుస్తుంది. నోటిలో పుండు రెండు వారాల్లో మానకపోయినా, చెవి పోటుతో పాటు మింగడం కష్టమైనా చెవిలో చుక్కలు వేసుకుంటూ కూర్చోకండి.

చెవికీ పంటికీ ఉన్న ఈ చుట్టరికం మన పల్లెల్లో ఎప్పటి నుంచో తెలుసు. పంటి పురుగులు తీసేవాళ్ళను మీరు చూసే ఉంటారు. ములక గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగను గొట్టంతో పంటికి పట్టిస్తారు. కొందరు చెవికి పట్టించి, చెవిలోంచే పంటి పురుగు తీసి అరచేతిలో చూపిస్తారు. పన్ను నుంచి చెవికి పురుగు నడిచే దారి ఏదీ లేదు. పంటిలో పురుగన్నదే లేదు. పుచ్చు సూక్ష్మజీవులు చేసేది, అవి కంటికి కనిపించవు. కాని పన్ను నొప్పికి చెవి పట్టుకోవాలని కనిపెట్టినవాడు మాత్రం త్రిధార నాడి మూడవ కొమ్మను, పేరు తెలియకపోయినా, పసిగట్టినవాడే. అంతవరకు నేను మెచ్చుకుంటాను.

మరి పొగ వేశాక నొప్పి తగ్గిందంటారే! తగ్గుతుంది. ఎందుకో చెప్పాలంటే పంటి లోపలి సంగతి తెలియాలి. పైన పింగాణీ పొర, దాని కింద డెంటిన్ అనే గట్టి పదార్థం, నడి మధ్యలో మెత్తని గుజ్జు. ఈ గుజ్జులోనే నరం పోగు, రక్తనాళాలు ఉంటాయి. పుచ్చు డెంటిన్ దాకా వచ్చినప్పుడు చన్నీళ్ళు తాగితే, తీపి తింటే జివ్వుమంటుంది, నీళ్ళు మింగగానే పోతుంది. ఇది చురుకైన పోగుల పని. ఈ దశలో సిమెంటు నింపితే పన్ను దక్కుతుంది. ఎవరూ రారు. తరువాత గుజ్జు వాస్తుంది. ఒంట్లో ఇంకెక్కడైనా వాపు వస్తే చర్మం సాగి చోటు ఇస్తుంది. పంటిలో నాలుగు వైపులా రాతి గోడలు, వాపుకు చోటెక్కడ? అందుకే గుండె కొట్టుకున్నప్పుడల్లా సలుపు. పడుకుంటే తలకు రక్తం ఎక్కువగా చేరి మరీ సలుపు. రాత్రి రెండు గంటలకు ఇంటిల్లిపాదినీ లేపే నొప్పి ఇదే. ఈ దశలోనూ వేరు చికిత్సతో, అంటే రూట్ కెనాల్‌తో పన్ను నిలబెట్టవచ్చు.

రెండు మూడు రోజులకో, వారానికో ఉన్నట్టుండి నొప్పి మాయమవుతుంది. పొగ వేయించుకున్నవాడు పొగ మహిమ అంటాడు, మాత్ర మింగినవాడు మాత్ర మహిమ అంటాడు. జరిగిందేమిటంటే నరం చచ్చిపోయింది. ఏడ్చే పిల్లవాడు సొమ్మసిల్లితే ఏడుపు మానాడని సంతోషిస్తామా? చీము అక్కడి నుంచి వేరు కొసకు, దవడ ఎముకలోకి నిదానంగా దిగుతుంది. ఆరు నెలలకు ముఖం వాచి వస్తారు. లవంగ నూనె దూదితో పెట్టుకోవడం తప్పు కాదు, అందులోని యూజినాల్ కాసేపు నరాన్ని మొద్దుబారుస్తుంది. అది పన్నుల డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా సాయం, అంతే. ఆస్పిరిన్ బిళ్ళను చిగురు మీద అదిమి పెట్టుకోవడం మాత్రం వద్దు, చర్మం కాలి తెల్లగా పొక్కుతుంది.

ఇక్కడ మరో భయం గురించి రాయాలి. "పై పన్ను పీకిస్తే కండ్లు పోతయట గద సార్?" ఈ ప్రశ్న చదువుకున్న టీచర్లు కూడా నన్ను అడిగారు. చూపు నరం రెండవది. అది కంటి వెనక నుంచి నేరుగా మెదడుకు పోతుంది. పంటి నరం అయిదవది. అయిదవ నరం మొదటి కొమ్మ కంటికి పోతుందన్న మాట నిజమే. అయితే అది నలుసు పడితే మంట తెలిపే నరం, చూపునిచ్చేది కాదు. పంటిని తీసినప్పుడు తెగేది వేరు కొసన ఉన్న వెంట్రుక లాంటి పోగు. దానికీ చూపుకూ ఏ సంబంధమూ లేదు. నలభై దాటాక పళ్ళు పోవడమూ, చత్వారం రావడమూ ఇంచుమించు ఒకే కాలంలో జరుగుతాయి గనుక ఈ అపవాదు పుట్టి ఉంటుందని నా ఊహ.

పైగా సంగతి తలకిందులు. పుచ్చిన పై పన్నును కంటి భయంతో అలాగే ఉంచుకుంటేనే కంటికి ముప్పు. కోర పన్ను వేరు దగ్గర చీము పట్టి చెంప వాచి, ఆ వాపు కింది రెప్ప దాకా ఎక్కడం నేను ఏటా చూస్తాను. ముఖంలోని సిరలకు కంటి వెనక, పుర్రె లోపల ఉన్న సిరలతో సంబంధం ఉంది. అరుదుగానైనా చీము ఆ దారిలో లోపలికి చేరితే, కంటిని తిప్పే మూడు నరాలూ అక్కడి నుంచే పోతాయి గనుక కన్ను కదలదు, గుడ్డు ముందుకు వస్తుంది, ప్రాణానికే మోసం. పన్ను నొప్పితో పాటు రెప్ప వాచి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగవద్దు.

సూది అంటే భయపడేవాళ్ళకు ఒక మాట. మత్తు సూది లేని రోజుల్లో ఏం చేసేవారో తెలుసా? క్లోరోఫారం పీల్పించి, మనిషిని పూర్తిగా స్పృహ తప్పించి పన్ను పీకేవారు. ఒక్క పన్ను కోసం అలా కుర్చీలోనే పోయిన ప్రాణాలు ఉన్నాయి. క్లోరోఫారంతో మనిషి ఎలా చనిపోతాడో తేల్చడానికి పరిశోధన జరిగింది మన హైదరాబాదులోనే. 1888లో ఒకసారి, 1889లో మరోసారి, నిజాం ప్రభుత్వ ఖర్చుతో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పెద్ద డాక్టరు ఎడ్వర్డ్ లారీ దీన్ని జరిపించాడు. మా ఆదిలాబాదు అప్పుడు నిజాం రాజ్యంలోదే. ఊపిరిని కనిపెట్టి చూసుకుంటే చాలు, గుండెకు భయం లేదని వాళ్ళు తేల్చారు. అది సగమే నిజమని, గుండె కూడా ఉన్నట్టుండి ఆగవచ్చునని తరువాతి వాళ్ళు రుజువు చేశారు. ఆ లోగా, 1884లోనే, అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జను కింది దవడ నరం దగ్గర కొకెయిన్ సూది వేసి, మనిషి మెలకువగా ఉండగానే దవడ మొద్దుబారుతుందని చూపించాడు. ప్రయోగాలు తన మీదే చేసుకుని, పాపం, ఆ మందుకు తానే బానిస అయ్యాడు. ఇప్పుడు వాడే లిగ్నోకెయిన్ 1943లో స్వీడన్‌లో తయారైంది, దానితో ఆ వ్యసనం బాధ లేదు. సూది వేసే చోటు మాత్రం నేటికీ ఇంచుమించు అదే.

ఇక నా దగ్గరికి వచ్చిన ఆవిడ సంగతి. ఆవిడది ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే త్రిధార నాడి పోటు. నరం మెదడు నుంచి బయలుదేరే చోట ఒక చిన్న రక్తనాళం దానికి ఆనుకుని, కొట్టుకున్నప్పుడల్లా ఒరుసుకుంటూ ఉంటుంది. చాలా మందిలో కారణం ఇదే. ఏళ్ళ తరబడి ఒరుసుకుని తీగ మీది తొడుగు అరిగిపోతుంది. అప్పుడు స్పర్శను మోసే పోగు నుంచి నొప్పిని మోసే పోగుకు కరెంటు దూకుతుంది. ముఖం కడుక్కున్నా, పళ్ళు తోముకున్నా, నమిలినా, మాట్లాడినా, చలిగాలి తగిలినా షాకు కొట్టినట్టు పోటు. చేలో ఉదయం గాలికి ఎదురు నిలబడి పత్తి ఏరే మనిషికి ఇంతకన్నా శిక్ష ఉండదు. యాభై దాటినవారిలో, మగవారికన్నా ఆడవారిలో, ఎడమకన్నా కుడి వైపున ఎక్కువ. రెండవ, మూడవ కొమ్మల్లో, అంటే సరిగ్గా పళ్ళున్న చోట్ల, ఎక్కువగా వస్తుంది గనుకనే రోగి పన్ను అంటాడు, డాక్టరు నమ్ముతాడు. హిందీ నటుడు సల్మాన్ ఖాన్ ఈ జబ్బుకే 2011లో అమెరికా వెళ్ళి శస్త్రచికిత్స చేయించుకున్నానని తానే చెప్పాడు. ఆయన చెప్పాక మా దగ్గర కుర్రవాళ్ళు కూడా ఈ పేరు పలకడం మొదలుపెట్టారు.

పంటి నొప్పికీ దీనికీ తేడా మీరే ఇంట్లో కొంత కనిపెట్టవచ్చు. పంటి నొప్పి గంటల తరబడి సలుపుతుంది, రాత్రి ఎక్కువ. ఇది కొన్ని క్షణాలు, మహా అయితే రెండు నిమిషాలు, మళ్ళీ మళ్ళీ. నిద్రలో దాదాపు రాదు. పంటి నొప్పి ఉన్నవాడు చెంప అదిమి పట్టుకుంటాడు. ఇది ఉన్నవాడు చెంపను తాకనివ్వడు. ఆవిడ కొంగును ఎడంగా పట్టుకున్నప్పుడే నేను గ్రహించి ఉండాల్సింది. రెండేళ్ళ కిందట కూడా అలాగే పట్టుకుని ఉంటుంది, నేను చూసి ఉండను. ఓపీలో నూటయాభై మంది ఉన్నారని చెప్పుకోవచ్చు గాని, పన్ను పోయింది ఆవిడది.

ఒక పన్ను తీయగానే ఆవిడకు నాలుగు నెలలు నొప్పి లేదట. అక్కడే అందరం మోసపోయాం. ఈ జబ్బు గుణమే అంత, కొన్నాళ్ళు తనంత తానే అణుగుతుంది. మళ్ళీ రాగానే ఇంకో పన్ను, మళ్ళీ ఇంకో పన్ను. రెండూ మూడూ వేరే ఊళ్ళో తీయించుకుంది.

మామూలు నొప్పి మాత్రలు దీనికి పనిచేయవు. కార్బమజెపైన్ అనే మందు చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాను. అయిదో రోజున ఆవిడ కొడుకు కోపంగా వచ్చాడు. "మా అమ్మకు ఫిట్సు లేవు గద సార్, ఫిట్సు మందెందుకు రాసిండ్రు?" మందుల షాపులో ఎవరో చెప్పారట, మాత్రలు ఆపేశారు, నొప్పి తిరగబెట్టింది. నిజమే, అది మూర్ఛకు కూడా వాడే మందే. మూర్ఛలో మెదడులో, ఇక్కడ నరంలో, రెండు చోట్లా దారి తప్పిన కరెంటునే అది అణుస్తుందని కూర్చోబెట్టి చెప్పాను. మొదటి రోజే చెప్పి ఉంటే ఆ వారం బాధ తప్పేది.

ఈ మందు పేరు ఇక్కడ చదివి మీరు సొంతంగా కొనుక్కుని వాడకండి. మొదట్లో తల తిరుగుతుంది, మత్తుగా ఉంటుంది. కొద్దిమందిలో ఒళ్ళంతా దద్దుర్లు, నోట్లో పొక్కులు వచ్చి ప్రమాదమవుతుంది. ఒక్క దద్దురు కనిపించినా మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చూపించాలి. అప్పుడప్పుడు రక్త పరీక్ష ఉండాలి. నలభై లోపు వయసులో వచ్చినా, రెండు వైపులా వచ్చినా, ముఖంలో స్పర్శ తగ్గినా ఎమ్మారై తీయించి, గడ్డ లాంటిది ఏదీ లేదని చూసుకోవాలి. మందు సరిపడనివారికి ఆపరేషను ఉంది. చెవి వెనక పుర్రెలో చిన్న రంధ్రం చేసి, ఒరుసుకునే రక్తనాళానికీ నరానికీ మధ్య టెఫ్లాన్ దూది ముక్క పెడతారు. హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రుల్లో న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. పన్ను పీకించుకోవడం మాత్రం దీనికి ఏ దశలోనూ వైద్యం కాదు.

పై దవడ పళ్ళు నాలుగైదు ఒకేసారి నొప్పి పెడుతూ, నమాజుకో, నాటు వేయడానికో వంగినప్పుడు ఎక్కువవుతుంటే, జలుబు చేసి ఉంటే, అది సైనస్. పై పళ్ళ వేళ్ళు చెంప ఎముకలోని గాలి గది అడుగునే ఉంటాయి. జలుబుకు మందు వాడితే పళ్ళు వాటంతట అవే కుదుటపడతాయి.

దవడ రెండు వైపులా లాగడం గురించి చెబుతానన్నాను. ఒక రాత్రి పది గంటలకు యాభై ఏళ్ళ దుకాణదారు ఒకాయన పళ్ళ నొప్పికి సూది వేయమని వచ్చాడు. షుగరు ఉంది. కింది దవడ అటూ ఇటూ, గొంతు దాకా బిగపట్టినట్టుంది. మూడు రోజులుగా గోదాములో బస్తాలు సర్దితే వస్తోంది, కూర్చుంటే పోతోంది, ఆ రాత్రి కూర్చున్నా పోలేదు. ఆ చలిలో చొక్కా తడిసి ఉంది. పన్నుకు బస్తా బరువు తెలియదు. ఈసీజీ తీస్తే గుండెపోటు. గుండె నుంచి వచ్చే పోగులు కూడా మెడ దగ్గర త్రిధార నాడి కేంద్రం కొసతో కలుస్తాయి, మెదడు వాటిని దవడకు రాసింది. 108లో ఆదిలాబాదు రిమ్స్‌కు పంపాం, బతికాడు. షుగరు ఉన్నవారిలో, ఆడవారిలో గుండె నొప్పి ఇలా దొంగచాటుగా రావడం ఎక్కువ. నడిస్తే వచ్చి, ఆగితే పోయే దవడ నొప్పిని పన్నుల డాక్టరు దాకా తీసుకుపోవద్దు, ముందు ఈసీజీ.

నొప్పి లేని ఒక లక్షణం గురించి కూడా చెప్పాలి. సూది వేయకుండానే, దెబ్బ తగలకుండానే కింది పెదవి, గడ్డం మొద్దుబారితే, దవడ ఎముకలో నరాన్ని ఏదో నొక్కుతోందన్న మాట. చీము కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. నొప్పి లేదు గదా అని చాలా మంది నెలలు గడిపేస్తారు. కింది దవడ పన్ను చెడి దవడ కింద గట్టిగా వాచి, నోరు తెరుచుకోక, ఉమ్మి మింగలేకపోతుంటే అది గంటల వ్యవహారం, ఊపిరి మూసుకుపోతుంది. అర్ధరాత్రి అయినా 108కి ఫోను చేయండి.

ఆవిడ మొన్న మళ్ళీ వచ్చింది. ఈ చలికాలం చెవులకూ చెంపలకూ మఫ్లరు చుట్టుకుని పత్తి ఏరిందట. నొప్పి రెండు నెలల్లో మూడు సార్లే వచ్చింది. కుడి వైపు నమలడానికి పళ్ళు లేవు, కట్టుడు పళ్ళు పెట్టించుకోవచ్చునా అని అడిగింది. కొలత తీసేటప్పుడు పెదవి మూల తగిలితే మళ్ళీ రేగుతుందేమోనని నాకే భయం వేసింది. ఆ రోజు ఉదయం మాత్ర మానకుండా వేసుకుని వెళ్ళమని, ఎక్కడ తాకకూడదో పన్నుల డాక్టరుకు చీటీ రాసి పంపాను. ఈసారి చీటీ కొంచెం పొడుగ్గా రాశాను.